ముగింపు చెప్పని మామ

జమ్మలమడుగు నుంచి గండికోటకు పదిహేను కిలోమీటర్లు. మా ఆటో మామ లెక్కలో ఒకటిన్నర ఎపిసోడ్.

1997లో మామ మద్రాసు మెస్సులో సర్వరు. సన్ టీవీలో ‘మర్మదేశం’ వరసలో ‘విడాదు కరుప్పు’ వచ్చేది. ఇందిరా సౌందర్‌రాజన్ కథ, నాగా దర్శకత్వం. మరుసటేడే అయిపోయింది. ఇప్పటి సీరియళ్లలో ఆ వ్యవధికి అత్తగారు మెట్లు కూడా దిగదు. మామకు తమిళం సగమే వచ్చు. మిగతా సగం భయంతో పూరించుకున్నాడు. ఇప్పుడు ఆటో ఎక్కినోళ్లకు ఆ కథే చెబుతాడు.

“పొలిమేరలో కరుప్పుసామి ఉంటాడు సామీ. తప్పు జేసినోణ్ణి ఇడిసిపెట్టడు. గుర్రమెక్కి వస్తాడు.” ఇక్కడ ఎడమచేతి ఉంగరంతో ఆటో రేకు మీద టక్... టకటక. “ఊరోళ్లు దేవుడంటారు, సదువుకున్నోళ్లు మనిషే అంటారు.”

“ఇంతకీ ఎవరు మామా?”

“కోటొచ్చింది, దిగండి.”

కోటలో మాధవరాయస్వామి గోపురం ఎవరు కట్టించారని ఎవరన్నా అడిగితే “బోర్డు మీద రాసుంటాదిలే” అనేస్తాడు. పెమ్మసాని నాయకులు, మీర్ జుమ్లా, కింద పెన్న లోయ, అంతా ఆ గుర్రం తర్వాతే.

దేవుడూ దయ్యమూ లేవని వాదిస్తాడు. “మరి ముందర ఆ నిమ్మకాయ, మిరపకాయలు?” అన్నాను.

“నాకు గాదు, ఆటోకి. దానికి నమ్మకం.”

గుప్తనిధుల పిచ్చితో గునపాలు పట్టుకు తిరిగేవాళ్లకు సీమలో కొదవ లేదు. అట్లాంటి ఇద్దర్ని ఓ రాత్రి ఎక్కించుకున్నాడట. నాలుగో రాయి దగ్గర ఉంగరం మొదలైంది. తొమ్మిదో రాయి దగ్గర “యెనక్కి తిప్పు మామా” అన్నారట. రానూపోనూ చార్జీ తీసుకున్నాడు. (ఈ కథలో రాళ్ల అంకెలు చెప్పినప్పుడల్లా మారుతుంటాయి. చార్జీ మాత్రం మారదు.)

మొన్న మా మేనల్లుడు ఫోన్లో ఆ సీరియలే వెతికి పెట్టాడు. మామ కోటలో మసీదు నీడలో కూర్చుని, అరచేయి అడ్డం పెట్టుకుని చూశాడు. కాసేపటికి ఫోను తిరిగిచ్చేశాడు.

“గుర్రం ఇంతేనా అబ్బీ? మాది పెద్దది.”

తిరుగుదారిలో పొద్దు గుంకింది. పిల్లాడు ఫోను జేబులో పెట్టేసి ముందుకు వంగాడు. టక్... టకటక. జమ్మలమడుగు బస్టాండులో దిగేటప్పుడు వాడు మామ చొక్కా పట్టుకున్నాడు.

“ఎవరో చెప్పి పో తాతా!”

“రేపు ముద్దనూరు రైలుకు పోవాలన్యారు గదా?” అన్నాడు మామ, చిల్లర లెక్కపెడుతూ. “ఆటో నాదే.”