చిన్న మ్యూజియాల భద్రతాధికారి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చిన్న మ్యూజియాల భద్రతాధికారి గారి సముఖానికి పాతబస్తీ వాస్తవ్యుడొకడు చేసుకునే విన్నపం. అలాంటి పదవే లేదని మీ కచేరీలో ఎవరైనా అంటే, దాన్నే ఈ అర్జీలో మొదటి ఫిర్యాదుగా రాసుకోగలరు.

2018 సెప్టెంబరు 2 రాత్రి పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి ఇద్దరు టికెట్ లేకుండా వచ్చిన సంగతి తమరికి ఎరుకే. గేటు వాళ్లను శ్రమ పెట్టడం ఎందుకనుకున్నారేమో, వెంటిలేటరు ఊచలు తీసేసి తాడు పట్టుకుని దిగారు. సీసీ కెమెరాకు ముఖం మాటు చేశారు. రవ్వలు, కెంపులు, పచ్చలు పొదిగిన మూడు గిన్నెల బంగారు టిఫిన్ డబ్బా, బంగారు కప్పు, సాసరు, చెమ్చా తీసుకుని వచ్చిన దారినే వెళ్లిపోయారు. అంతకుముందు మామూలు సందర్శకుల్లా వచ్చి అన్నీ చూసుకుపోయారని తర్వాత తేలింది. అంటే ఏ సందులో మనిషి పడతాడో, ఏ కెమెరా ఎటు చూస్తోందో వాళ్లు ముందే తనిఖీ చేశారన్నమాట. అలాంటి తనిఖీ సర్కారు ఖర్చుతో ఎప్పుడైనా జరిగి ఉంటే, ఆ నివేదిక మాకూ చూపించండి.

పోలీసులను మెచ్చుకోవాలి. వారం పది రోజుల్లో ఇద్దరినీ పట్టుకున్నారు, సొత్తు రాబట్టారు. ఈలోగా దొంగలు ముంబయి వెళ్లి పెద్ద హోటల్లో దిగి వచ్చారట. వాళ్లలో ఒకడు ఆ డబ్బాలోనే భోంచేశాడని పోలీసులు చెప్పగా ఊరంతా విన్నది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పొదుపుకు పేరుమోసిన మనిషి. ఆయన అందులో ఒక్క పూటైనా తిన్నాడో లేదో గానీ, దానిలో తిన్నవాడిగా చరిత్రకెక్కింది మాత్రం దొంగ.

నాకు ఎక్కువ బాధ కలిగించింది దొంగతనం కాదు. అలాంటి డబ్బా ఒకటి మన ఊళ్లో ఉందని మనలో చాలామందికి దొంగలు చెబితేనే తెలిసింది. చార్మినార్ చూసి, సాలార్‌జంగ్‌లో గంట కొట్టే బొమ్మను చూసి ఇళ్లకు పోతాం. నాలుగడుగులు వేస్తే ఉండే పురానీ హవేలీ వైపు తిరగం. 1937 రజతోత్సవాల్లో నిజాముకు వచ్చిన కానుకలు, వెండితో చేసిన నగరపు భవనాల నమూనాలు 2000 నుంచి అక్కడ జనానికి చూపిస్తున్నారు. ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడగడని పేరున్న ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దుస్తుల కోసం కట్టించిన రెండంతస్తుల కొయ్య బీరువాల వరుస కూడా అక్కడే ఉంది. చేత్తో తిప్పే లిఫ్టుతో సహా! దాన్ని ఎవడూ మోసుకుపోలేడు కనుక ఆ ఒక్కదాని గురించి నాకు దిగులు లేదు.

తమరి జవాబు నాకు ముందే తెలుసు. "ప్యారిస్ లూవ్‌లోనే 2025 అక్టోబరు 19న పట్టపగలు లారీ నిచ్చెన వేసుకుని కిటికీలోంచి దూరి నగలు ఎత్తుకుపోయారు, మేమెంత?" అంటారు. నిజమే. అయితే లూవ్‌లో పోతే ప్రపంచమంతా గగ్గోలు పెడుతుంది. చందవరంలో పోతే? ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ బౌద్ధ క్షేత్రం నుంచి దొంగిలించిన శిల్పాల్లో ఒకటి కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. 2005లో వాళ్లు డబ్బు పోసి కొనుక్కున్నారు, 2016లో తిరిగిచ్చారు. అది సున్నపురాయి పలక, కరిగించి అమ్ముకునే సరుకు కాదు కనుక ఆనవాలు మిగిలింది. టిఫిన్ డబ్బా కరిగి ఉంటే మనకు మిగిలేది తూకం లెక్కే. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, వస్తువు పోయాక దాని ఫొటో కోసం వెతుక్కునే గతి ఏ చిన్న మ్యూజియానికీ పట్టకూడదు.

ఇక అసలు భయం చెబుతాను. దొంగతనం జరగ్గానే "లాకర్లో పెట్టేద్దాం" అనే మాట తమరి నోటికి రావచ్చు. ఆ ముచ్చటా తీరింది. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లు పెట్టి నిజాము నగలు 173 కొన్నది. జాకబ్ వజ్రంతో సహా అవి ముంబయిలో రిజర్వు బ్యాంకు ఖజానాలో భద్రంగా ఉన్నాయి. 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియానికి చుట్టపుచూపుగా వచ్చి వెళ్లాయి. ఆ ఖజానాకు వెంటిలేటరు బెడద లేదు, మనకు చూసే భాగ్యమూ లేదు. ఎవరూ చూడలేని చోట దాస్తే దొంగ ఒక్కసారే చేసిన పనిని మీరు రోజూ చేసినట్టే.

కాబట్టి మనవి చేసుకునేది ఇంతే. ప్రతి వస్తువుకూ నాలుగు వైపులా ఫొటో తీసి, తూకం, కొలతలు రాసి, ఒక ప్రతి మ్యూజియం బయట ఉంచండి. రాత్రి ఎవరైనా అద్దం తాకితే పోలీస్ ఠాణాలో మోగే గంట పెట్టించండి. ఊచల బలం ఏడాదికోసారైనా చూడండి. ఇవి మ్యూజియాలు నడిపే ట్రస్టులు సొంతంగా మోయలేని ఖర్చులైతే సర్కారు మోయాలి. మ్యూజియాన్ని మాత్రం మూయకండి.

చదివేవారికి ఒక మాట: నిజాం మ్యూజియానికి శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో గేటు దగ్గర టికెట్ ఇస్తారు.

ఇట్లు,
టికెట్ కొనుక్కుని తలుపులోంచే వచ్చే ఒక పాతబస్తీ పౌరుడు