నావిక సందేశము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

శామీర్‌పేట సముద్రమట్టానికి అర కిలోమీటరు పైన, సముద్రానికి దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరు. ఈ సీమవారికి కడలితో గల బంధుత్వమంతయు మేడ్చల్ రైల్వేస్టేషన్ పసుపు బోర్డు మీద సముద్రమట్టానికి ఇంత ఎత్తు అని రాసిన ఆ చిన్న పంక్తియే. పెద్దచెరువు ఉన్నది గాని దానికి ఆవలి గట్టు కనబడును. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు తిరుగును గాని చీకటి పడక మునుపే ఒడ్డెక్కును. అట్టి చోట పుట్టిన ఒక కుర్రవాడు నౌకాదళంలో చేరి, 2025 జూలైలో ముంబై నుంచి తల్లికి వాట్సాప్‌లో నాలుగు పంక్తులు పంపెను. ఆమె ఫోను పట్టుకొని మేడ్చల్ వచ్చి, "అన్నా, మంచిగున్నడా లేదా, గదొక్కటి జెప్పు" అని ఈ వ్యాఖ్యాత చేతిలో పెట్టినది. వ్యాఖ్యాత బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాడు. అర్థమైన వాక్యమునకు సైతం టీక రాయకుండ ఉండలేనివాడు.

మూలము

అమ్మా, కొత్త షిప్పుల ఏసిన్రు. ఇంక కమిషన్ గాలే.
మస్తుగున్నది. నీళ్లే జర తక్కువ.
రేపటి సంది ఫోన్ కలవది. పరేషాన్ గాకు.
నాయినకు జెప్పు, బోరు మోటరు రిపేరు జేపియ్యమను.

టీక

అమ్మా = ఓ తల్లీ. సంబోధన. తండ్రిని పిలువక తల్లిని పిలుచుటకు కారణము నాలుగవ పంక్తిలో తేలును.

కొత్త షిప్పుల = నూతన యుద్ధనౌకయందు. ఏ నౌక? మూలకర్త చెప్పలేదు, చెప్పరాదు కూడ. అమ్మకు చెప్పినచో అలియాబాద్ చౌరస్తాకు చెప్పినట్లే గదా. అయినను ఊహించుట వ్యాఖ్యాతకు నిషిద్ధము కాదు. ముంబై, జూలై, కమిషన్ కాకపోవుట అను మూడు గుర్తులను బట్టి ఇది ఉదయగిరి అని మా నిశ్చయము. మజగావ్ డాక్‌లో కట్టిరి. 2022 మే 17న నీట దింపిరి. 2025 జూలై 1న నౌకాదళానికి అప్పగించిరి. పొడవు 149 మీటర్లు, బరువు సుమారు 6,700 టన్నులు. పేరు మాత్రము ఆంధ్రదేశపు కొండలది. నెల్లూరు సీమలోని ఉదయగిరి దుర్గమును కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గాని లోపల అడుగుపెట్టలేకపోయెను. మా కుర్రవాడు ఒక పోస్టింగ్ కాగితముతో లోపలికి పోయెను. ఇదే పేరుతో మునుపొక నౌక 1976 నుంచి 2007 దాకా కొలువు చేసి విరమించినది. కావున నౌకలకు పునర్జన్మ కలదు. మనుష్యుల సంగతి ఇక్కడ అప్రస్తుతము.

ఏసిన్రు = వేసిరి. కర్త లుప్తము. నావికులను ఏ ఓడకు పంపవలెనో తేల్చునది ముంబైలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్, దానిని అధ్యాహారము చేసుకొనవలెను. ఈ ఒక్క క్రియలో పెద్ద యాత్ర ఇమిడియున్నది. సముద్రం చూడవలెనని ఇల్లు విడిచిన అగ్నివీరుని మొదట ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కకు పంపిరి. అది చిలికా సరస్సు ఒడ్డున కలదు, అనగా మరొక చెరువు. ఇంజిన్ల పని నేర్చుకొమ్మని అటుపిమ్మట లోణావలాలోని ఐఎన్‌ఎస్ శివాజీకి పంపిరి. అది కొండల మీద కలదు. తీరా ఓడ దొరికితే అది రేవులో కట్టివేసియున్నది. ఇన్నిటిని దాటి వచ్చినవాడు ఒక్క "ఏసిన్రు"తో సరిపెట్టుట సంక్షిప్తతకు పరాకాష్ఠ. కొలువు నాలుగేండ్లు, అందులో ఎన్ని నెలలు గడిచెనో తల్లి క్యాలెండరులో గీతలు పెట్టుచున్నది. ఆపైన నలుగురిలో ఒకనికి మించి ఉంచరు. ఈ మాట ఆ ఇంట ఎవ్వరును ఎత్తరు కాన మేమును ఇంతటితో విడుతుము.

ఇంక కమిషన్ గాలే = ఇచట పూర్వపక్షము కలదు. తండ్రిగారు ఈ పంక్తి వినగానే, "వీనికి ప్లాట్ల దందా ఎప్పుడు షురువైంది? ఎంత రావాలె?" అని అడిగెను. ఔటర్ రింగురోడ్డు పడినది మొదలు ఈ ప్రాంతమున కమిషన్ అనగా బ్రోకరు తీసుకొను శాతము తప్ప మరొకటి లేదు గనుక ఆయన తప్పు లేదు. అయినను అది సిద్ధాంతము కాదు. యుద్ధనౌక తయారగుచుండగా దానికి కార్ఖానా నంబరే పేరు. ఉదయగిరి కొన్నేండ్లపాటు యార్డ్ 12652గా బతికినది. నీట దింపుడు నాడు ఒక స్త్రీమూర్తి చేతుల మీదుగా, అథర్వవేద మంత్రములతో నామకరణము జరుగును. పేరు వచ్చినను ముందు ఐఎన్‌ఎస్ అను మూడక్షరములు రావు. సముద్రమున పరీక్షలు ముగిసి, అప్పగింత పత్రములపై సంతకములై, చివరకొక ఉదయమున కెప్టెన్ ఉత్తర్వు చదువగా నౌకాదళ పతాకము ఎగిరి, స్తంభము కొసన సన్నని పొడుగాటి కమిషనింగ్ పెనెంట్ విచ్చుకొనును. ఆ గుడ్డ మరల దిగునది ఓడ కొలువు చాలించిన నాడే. ఉదయగిరికి ఆ దినము 2025 ఆగస్టు 26, విశాఖలో, కోల్‌కతాలో పుట్టిన హిమగిరితో కలిసి. సందేశము రాసిననాటికి అది ఇంకను నెలకు పైన ఉన్నది. గృహప్రవేశము కాని ఇంట కాపురము వలె, లోపల రెండు వందల పైచిలుకు మంది, వెలుపల ఇంకను మేస్త్రీలు.

మస్తుగున్నది = చాల బాగుగ నున్నది. సందేశమంతటికి ఇదియే గడ్డు పదము. కిరాణా కొట్టు సంప్రదాయమువారు దీనిని ఉన్నదున్నట్లు తీసుకొని, ప్రభుత్వ కొలువు, ఉచిత భోజనము, ఏసీ అని అర్థము చెప్పుదురు. మేమొప్పుకొనము. పాత ఓడ ఎక్కినవానికి ముందున్నవాడు చేయి పట్టుకొని ఈ వాల్వ్ ఇది, ఆ నిచ్చెన అటుపోవును అని చూపును. కొత్త ఓడలో ముందున్నవాడే లేడు. ఇరువదేండ్ల సర్వీసుగల చీఫ్ సైతం ఆ ఓడకు నిన్న వచ్చినవాడే. కావున అందరును పైపుల వెంబడి నడిచి, ఏ గొట్టము ఎక్కడ పుట్టి ఎక్కడ కలియునో నేర్చుకొందురు. దీపములన్నియు ఆరి పొగ కమ్మినను చేతితో తడుముకొనుచు తన బంకు నుంచి డెక్కు మీదికి రాగలగవలెను. అలారం మోగినచో నిప్పు ఎక్కడ, నీరు ఎక్కడ చొరబడినది, ఏ తలుపు బిగించవలెను అనునవి కాళ్లకు తెలియవలెను, తలకు తెలిసిన చాలదు.

ఇక నిద్ర. ఓడ మీద దినమును ఏడు ముక్కలు చేసిరి. నాలుగేసి గంటల వాచ్‌లు ఐదు, సాయంత్రము నాలుగు నుంచి ఎనిమిది నడుమ రెండేసి గంటల డాగ్ వాచ్‌లు రెండు. సంఖ్య బేసి గనుక ఎవ్వరికిని ఒకే వేళ ప్రతిదినము రాదు. నిన్న అర్ధరాత్రి మేల్కొన్నవాడు నేడు మరొక వేళ మేల్కొనును. ఎంత న్యాయమైన ఏర్పాటు! పడక బంకులు ఒకదానిపై నొకటి, తల ఎత్తుటకైనను చాలని జాగా, పక్కవాని గురక సహితము. సముద్రమున ఓడ ఊగినప్పుడు, చెరువు తప్ప ఎరుగని కడుపు ఏమగునో రాయుట ఔచిత్యభంగము. ఇదంతయు కలిపి చూచిన "మస్తుగున్నది" అతిశయోక్తి అని కొందరందురు. మా మతమున ఇది గోపనము. ఇంకొక మెలికయు కలదు. ఐదేండ్ల తరువాత ఆ ఓడనెక్కు ప్రతి కుర్రవాడు ఏ వాల్వ్ ఎక్కడున్నదో అడుగవలసినది తొలి సిబ్బందినే. ఆ గర్వము కొంత నిజముగనే మస్తు. కనుక పదము పూర్తిగా అబద్ధమును కాదు.

నీళ్లే జర తక్కువ = విరోధాభాసము. చుట్టును సముద్రము, స్నానమునకు కరవు. ఉప్పునీటిని పొరల గుండా ఒత్తి మంచినీరు తీయు యంత్రములు ఓడలోనే కలవు గాని, తీసినదంతయు మనుష్యులకే చెందదు. ఈ పంక్తి మాత్రము తల్లికి టీక లేకనే అర్థమైనది. ఎండకాలము ట్యాంకరు కొరకు బిందెలు వరుస పెట్టినవారికి నీటి లెక్క చెప్పవలెనా?

రేపటి సంది ఫోన్ కలవది = రేపటి నుండి దూరవాణి అందదు. ఇది అలుక కాదు. గూఢచర్యపు కేసులో 2019 డిసెంబరున ఆంధ్రప్రదేశ్ పోలీసులు నావికులను అరెస్టు చేయగా, నౌకాదళము ఓడలపైన, స్థావరములలోను స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించినది. ఈ నాలుగు పంక్తులును ఒడ్డున నిలబడి రాసినవే. విచిత్రమేమన, మన తెలంగాణలోనే వికారాబాద్ దామగుండం అడవిలో, నీటి కింద దాగిన జలాంతర్గాములతో మాటాడుటకు నౌకాదళమువారు అతి తక్కువ పౌనఃపున్యపు కేంద్రమునకు 2024 అక్టోబరులో శంకుస్థాపన చేయించిరి. సముద్రగర్భమునకు కబురు పోవుటకు చెట్లు పడుట గురించి వాదములు జరిగినవి. నీటి మీది కొడుకు నుంచి శామీర్‌పేటకు కబురు వచ్చు ఉపాయము ఎవ్వరును అడుగలేదు.

పరేషాన్ గాకు = కలత చెందకుము. నిషేధార్థక క్రియ. ఈ మాట రాయకున్నచో ఆమె మేడ్చల్ దాకా వచ్చెడిదే కాదు.

నాయినకు జెప్పు, బోరు మోటరు రిపేరు జేపియ్యమను = ఇచట వేదాంతులు మోటరును నౌక ఇంజినుగా గ్రహించి, ఉదయగిరికి నెమ్మదిగా పోవునప్పుడు డీజిలు, వేగమునకు గ్యాస్ టర్బైను అని రెండు కలవు గనుక ఇది జీవాత్మ పరమాత్మల ముచ్చట అని లాగుదురు. అంత లేదు. ఆ బోరు మోటరు కాలినప్పుడెల్ల విప్పి బిగించినవాడు వీడే, లోణావలా పోకముందే. తండ్రికి ఎవరిచేతను చేయించు అలవాటు లేదు. నేరుగ చెప్పిన "నాకు తెల్వదా" అనును. అందువలన తల్లి ద్వారా చెప్పించెను. మొదటి పదమునకు కారణము ఇదియే. ఆ మోటరు విప్పి అరుగు మీద పెట్టినది పెట్టినట్లే ఉన్నది. మెకానిక్‌ను పిలువలేదు. కుర్రవాడు సెలవు మీద ఎప్పుడొచ్చునో మాత్రము తండ్రి మమ్మడిగెను. అందులకు మా వద్ద టీక లేదు.

తాత్పర్యము

కొడుకు బాగున్నాడు. మోటరు బాగాలేదు.

గద్య

ఇది, విశాఖ రామకృష్ణా బీచిలో మోకాలిలోతు దాటి ఎన్నడును పోనివాడును, మేడ్చల్ వాస్తవ్యుడును, అడుగకనే అర్థము చెప్పుటయందు ప్రసిద్ధుడునగు పండితునిచే రచింపబడిన నావిక సందేశ వ్యాఖ్యయందు ప్రథమ సందేశము సమాప్తము. ద్వితీయ సందేశము ఓడ రేవు చేరిన పిదప, సిగ్నలు దొరికినచో.