దండల పెళ్లి పెద్దమనిషి

నాగోలు నుంచి సాగర్ రింగ్ రోడ్డు దాకా ఏ ఫంక్షన్ హాల్లో పెళ్లైనా ఈ పెద్దమనిషి తగులుతాడు. చేతిలో కట్నం కవరు, చూపు మాత్రం స్టేజీ డెకరేషన్ మీద. తెలిసిన మొహం కనబడితే చాలు, "ఈ పూలకే ఎంతైతదంటవ్?" అని మొదలుపెడతాడు. మనం ఏ అంకె చెప్పినా ఆయనకు ఒకటే. అసలు ప్రశ్న వెనకాల ఉంది: "మా పెండ్లికి ఎంతైందో ఎరికేనా?"

ఎరికే. కాలనీ మొత్తానికి ఎరికే. కాకపోతే ఆ లెక్క ఏటేటా తగ్గుతుంది. రిటైరైన కొత్తలో రెండు వందలు. మెట్రో వచ్చేనాటికి నూట పదహారు. మొన్న కొత్తపేటలో ఒక రిసెప్షన్లో రెండో కప్పు ఐస్‌క్రీమ్ అందుకుంటూ, "అంతా కలిపి యాభై దాటలే" అన్నాడు. బంగారం ఎక్కినకొద్దీ ఆయన పెళ్లి ఖర్చు దిగుతుంది. ఇంకో పదేళ్లు పోతే ఎదురు పైసలొచ్చాయన్నా అంటాడు.

ఇలాంటి పెద్దమనుషులు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపే ఎక్కువ దొరకడానికి కారణముంది. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు పట్టుకుని నల్లగొండ, సూర్యాపేటల నుంచి వచ్చినవాళ్లు బస్సు దిగిన చోటే ప్లాట్లు కొనుక్కున్నారు. సాయుధ పోరాటం నడిచిన ఆ ఊళ్లలో దండల పెళ్లి వింతేమీ కాదు. అయ్యగారు లేడు, లగ్నం లేదు, కట్నం లేదు. రెండు దండలు, ఒక మైకు, పార్టీ పెద్ద. కోస్తాలో త్రిపురనేని రామస్వామి చౌదరి జనానికి అర్థమయ్యేలా తెలుగులోనే 'వివాహవిధి' రాసిపెట్టాడు. మనవాళ్లు ఆ తిప్పలు కూడా పడలేదు, మంత్రాల జాగాలో ఉపన్యాసం పెట్టేశారు. దండలు మార్చుకోవడానికి నిమిషం, ప్రపంచ పరిస్థితి వివరించడానికి రెండు గంటలు.

మన పెద్దమనిషి పెళ్లి 1979లో, సంక్రాంతి పోయాక. 2018లో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చినప్పటి నుంచి ఈ కథ వినేవాళ్లకు తప్పించుకునే దారి మూసుకుపోయింది. సిటీ బస్సైతే సిగ్నల్ దగ్గర దూకెయ్యొచ్చు. మెట్రోలో ఎల్బీనగర్ దగ్గర దండలు మార్చుకుంటే, దిల్‌సుఖ్‌నగర్ వచ్చినా ఉపన్యాసం వియత్నాం దాటదు. మియాపూర్ దాకా 27 స్టేషన్లు. ఆయన చివరిదాకా వస్తాడు, పనేమీ లేకపోయినా.

కథలో ఆయనకు బాగా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. "ఉపన్యాసం అయిపోయేదాకా మీ అత్తమ్మ నా భుజం మీద చెయ్యి తియ్యలే. గప్పట్ల గంత ప్రేమ!" పక్కన అత్తమ్మ ఉంటే కథ ఇక్కడే ఆగిపోతుంది. "ప్రేమ లేదు, పాడు లేదు. బంతిపూలు మా చేన్లయి, దండలు రాత్రంతా కూసోని నేనే గుచ్చిన. దారం సాలలేదు, ముడి సక్కగ పడలేదు. చెయ్యి తీస్తె దండ జారి కింద పడ్తది. అందరి ముందల ఇజ్జత్ పోతదని పట్టుకున్న." పూలు వాళ్లవి, చాయ్‌లోకి పాలు వాళ్ల బర్రెవి, గుచ్చిన చేతులు ఆమెవి. ఖర్చు యాభై దాటకపోవడంలో ఆశ్చర్యమేముంది!

సాదా పెళ్లికి పెట్టని ఖర్చు ఆ తర్వాత వాయిదాల మీద ఆమే కట్టింది. పట్నం వచ్చాక కిరాయికి ఇల్లు అడిగితే ఓనరమ్మలు ముందు ఆమె మెడ చూసేవాళ్లు. పుస్తెలు లేవు, నల్లపూసలు లేవు. మూడిళ్లలో ఖాళీ లేదన్నారు. నాలుగోసారికి ఆమె చిట్టీ పాడి, దిల్‌సుఖ్‌నగర్‌లో పుస్తెలతాడు కొనుక్కుని, దుకాణంలోనే తన మెడలో తానే వేసుకుని వచ్చింది. ఆయన సిద్ధాంతం చెక్కుచెదరలేదు: "నేనైతే కట్టలే కదా!"

పాస్‌పోర్టులో భార్య పేరు ఎక్కాలంటే పెళ్లి సర్టిఫికెట్ అడిగే రోజుల్లో కొడుకు అమెరికా రమ్మన్నాడు. పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసిన చట్టం మనకు 2002లో గానీ రాలేదు. దండల పెళ్లి చెల్లుతుందని తమిళనాడు 1967లోనే హిందూ వివాహ చట్టానికి సవరణ తెచ్చింది, మన దగ్గర అదీ లేదు. శుభలేఖ లేదు, ఫొటో లేదు. ఊరి నుంచి ఇద్దరు ముసలి సాక్షుల్ని తెచ్చారు. పెళ్లిలో ఇచ్చింది చాయా, బెల్లం పానకమా అన్న దగ్గర ఇద్దరికీ లడాయి. ఉపన్యాసం ఎంతసేపన్నది మాత్రం ఇద్దరూ నిమిషం తేడా లేకుండా చెప్పారట.

ఈమధ్య మనుమరాలు ఉద్యోగంలో కుదురుకుంది. హల్దీ, సంగీత్, డ్రోన్ ఏవీ వద్దు, రిజిస్టర్ చేసుకుని, ఇంటి డాబా మీద దండలు మార్చుకుంటానని తేల్చి చెప్పింది. ఇంట్లో అందరూ ఆయన మొహం చూశారు. కళ్లు చెమర్చాల్సిన మనిషి లోపలికి పోయి, బీరువా తెరిచి, మడతపెట్టిన కాగితాల కట్ట పట్టుకొచ్చాడు.

"తాతా, ఏంటివి?"

"ఉపన్యాసం. ఎన్నడో రాసి పెట్టిన. జర కొత్త సంగతులు కలపాలె."

అత్తమ్మ కట్ట మందం వేళ్లతో పట్టి చూసి, పూలాయనకు ఫోన్ కలపమంది. "దండలు దారంతోని వద్దు బిడ్డా, తీగెతోని గట్టిగ కట్టియ్యుమను."