రోడ్డు వెడల్పు చేయకండి

ఇవి వినగానే తలకిందులుగా అనిపించే సలహాలు. అయినా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మున్సిపాలిటీల వాళ్లు ఒక్కసారి చదవాలని నా కోరిక.

2016 అక్టోబరు 11న ఈ మూడూ ఒకేరోజు జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులొచ్చాయి, బండ్లు పెరిగాయి. మెయిన్‌రోడ్డు మాటెత్తితే అందరూ చెప్పే మందు ఒక్కటే: దుకాణాల ముందుభాగం కొట్టేసి వెడల్పు చేయడం, నడుమ డివైడర్, సెంట్రల్ లైటింగ్.

కొట్టేయకండి. అమెరికాలో హ్యూస్టన్ వాళ్లు కేటీ ఫ్రీవేను 2008 నాటికి కొన్నిచోట్ల 26 వరుసల దాకా పెంచారు. 2011, 2014 మధ్య సాయంత్రం పూట ప్రయాణ సమయం సగానికి పైగా పెరిగింది. చోటు కనబడితే బండ్లు వస్తూనే ఉంటాయి. మన దగ్గరైతే కొత్తగా వచ్చిన వెడల్పంతా పార్కింగుకే పోతుంది.

బజార్లో డివైడర్ మీద గ్రిల్ పెట్టకండి. గ్రిల్ పెట్టిన ప్రతిచోటా ఒక కమ్మీ వంచి ఉంటుంది, చూడండి. చేతిలో సంచి, చంకలో పిల్లతో ఒక తల్లి అందులోంచి పక్కకు తిరిగి దూరుతుంటుంది. ఆమెకు దారి కావాల్సింది సరిగ్గా అక్కడే. కమ్మీ వంగినచోట గ్రిల్ తీసేసి, రోడ్డును కాస్త ఎత్తు చేసి, చారలు గీయండి. బండ్లవాళ్లే నెమ్మదిస్తారు.

ఆటోలను తరమకండి. గట్టు, గోపాల్‌పేట, తెల్కపల్లి జనాన్ని ఊళ్లోకి తెచ్చేది అవే. ఆగడానికి చోటివ్వకపోతే నడిరోడ్డు మీదే ఆగుతాయి. తోపుడు బండ్లనూ లేపకండి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ తీసేయరాదని 2014 వీధి వ్యాపారుల చట్టమే చెబుతోంది.

మోరీ మీద పగిలిన బండలు పరిచి దాన్ని ఫుట్‌పాత్ అనకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన అడ్డం లేకుండా 1.8 మీటర్లు ఉండాలి. దేశమంతా తిరిగి రోడ్లు వేసినవాళ్లు పాలమూరు కూలీలు. వాళ్ల అవ్వ సొంతూళ్లో పింఛను కోసం లారీల పక్కన నడవాల్సి రావడం నాకు కడుపు మండే విషయం.

లారీల సంగతి వేరు. సోమశిల దగ్గర కృష్ణ మీద వంతెన పూర్తయితే 167కె జాతీయ రహదారి మీద నంద్యాల వైపు రాకపోకలు పెరుగుతాయి. వాటిని నాగర్‌కర్నూల్ బయటి నుంచే పంపాలి.

చివరగా, బండ్లను లెక్కపెట్టి ప్లాను గీయకండి. బడి వదిలే వేళ బస్టాండు ముందు నిలబడి మనుషుల్ని లెక్కపెట్టండి. కాంక్రీటు పోసే ముందు ఒక నెలపాటు సున్నం గీతలు, ఇసుక బస్తాలతో కొత్త దారి వేసి చూడండి. కుదరకపోతే బస్తాలు జరపడానికి టెండరు అక్కర్లేదు.