వెనక సీట్లో పిస్టలు

దొంగ చేతికి తాళాలివ్వడం పాత పద్ధతి. ఇప్పుడు అసలు తాళమే వేయరు!

2015 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఫెడరల్ రేంజరు గారు, తూటాలు నింపిన పిస్టలున్న బ్యాగును కారు వెనక సీట్లో వదిలి వెళ్లారు. దొంగ అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకెళ్లాడు. నాలుగు రోజులకు ఆ పిస్టలు నుంచి పేలిన తూటా తగిలి అక్కడి పియర్ 14 అనే రేవు మీద నడుస్తున్న యువతి చనిపోయింది.

2017 నుంచి కాలిఫోర్నియా చట్టం పోలీసులకూ వర్తిస్తోంది: కారులో పిస్టలు వదిలితే డిక్కీలోనో, కంటపడని తాళం పెట్టెలోనో ఉంచాలి. దొంగల్ని పట్టేవారికి తాళం వేయమని చెప్పడానికి శాసనసభ కూర్చోవాల్సి వచ్చింది!

ఇక కారు అద్దానికి తుపాకీ కంపెనీ స్టిక్కర్లంటించే షోకిలాలు. పీకేయండి బాబూ అని పోలీసులు మొత్తుకుంటున్నారు. దొంగకు వెతుకులాట తప్పించే ఈ ఉచిత సేవ ఎందుకట?