ఎసరు మరగకముందే మెతుకు

ఆగస్టులో ఒక శనివారం, రాత్రి తొమ్మిదిన్నర. మా అక్క కొడుకు సోఫాలో వెనక్కి వాలి, రిమోట్ గుండెల మీద పెట్టుకుని, కాలం చేసినవాళ్ల గురించి మాట్లాడే గొంతుతో అన్నాడు: "అయిపోయింది మామయ్యా. ఈ సీజన్ ఇక మనకి లేదు."

వాడి జట్టుకి సీజన్ మొదలై అప్పటికి రెండు గంటలు. అందులో పదిహేను నిమిషాలు విరామం.

వాడు పుట్టింది కూకట్‌పల్లిలో. విమానం ఎక్కింది ఒక్కసారి, అదీ తిరుపతికి. అయినా మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు మాటెత్తితే చాలు, వాడి నోట "మనం" తప్ప ఇంకో మాట రాదు. మనం లెఫ్ట్ బ్యాక్‌ని కొనాలి. మనకి మిడ్‌ఫీల్డ్ లేదు. మనవాడికి మోకాలు పట్టేసింది. ఈ చివరి మాట చెవిన పడి మా అక్క గరిటెతో సహా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, "మీ నాన్నకేనట్రా?" అంటూ. మా బావ మోకాళ్లకి ఏడాదిగా తైలాలు నడుస్తున్నాయి. ఆయనకి కాదు, ఎవరో బ్రెజిల్ అబ్బాయికి అని తెలిశాక వెనక్కి వెళ్లింది. వెళ్తూ, అన్నం తింటావా అని అడిగింది. తినడట. పరాయి దేశపు గడ్డి మీద పదకొండు మంది కాళ్లు ఆడకపోతే కూకట్‌పల్లిలో గుత్తివంకాయ కూర మిగిలిపోయింది.

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు. ఒక్కో జట్టుకి 38 ఆటలు. ఆగస్టులో మొదలైన తగువు తేలేది మే నెలలో. మధ్యలో మనకి వినాయక చవితి, దసరా, దీపావళి, సంక్రాంతి, ఉగాది వచ్చి వెళ్లిపోతాయి. ఇంట్లో ఆవకాయ జాడీలు కడిగే రోజులొస్తే గానీ కప్పు ఎవరిదో తెలీదు. ఈ లెక్క అభిమానికి తెలియనిది కాదు, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ మొదటి ఆట ముగిసిందంటే మిగతా 37 వాడి కంటికి ఉత్త లాంఛనం. "అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదా మామయ్యా?" అని నన్నే ఎదురు ప్రశ్న వేశాడు.

చాలు నాయనా, అది అన్నమైతే. నువ్వు పట్టి చూసింది బియ్యం. ఎసరు ఇంకా మరగనే లేదు. ఆ మాటకొస్తే సగం బియ్యం ఇంకా కొట్లోనే ఉంది. ఆటగాళ్లను కొనడం, అమ్మడం ఈమధ్య ఏళ్లలో ఆగస్టు నెలాఖరు దాకో, సెప్టెంబరు ఒకటి దాకో సాగుతూనే ఉంటుంది. అంటే ఎవరు ఏ జట్టుకి ఆడతారో తేలకముందే ఆ జట్టు ఏ స్థానంలో ముగిస్తుందో మనవాడు తేల్చేశాడు.

ఈ తొందర మనకి ఎక్కడ అబ్బిందో నాకు అనుమానం లేదు. బెనిఫిట్ షో దగ్గర. తెల్లారకముందే హాలు బయట మైకు పట్టుకుని "బొమ్మ బ్లాక్‌బస్టర్" అనో, "సెకండాఫ్ ల్యాగ్" అనో తీర్పు పారేసే జాతి మనది. కానీ ఆ కుర్రాళ్లకి ఒక న్యాయం ఉంది, వాళ్లు శుభం కార్డు దాకా కూర్చుని లేచొచ్చారు. ఫుట్‌బాల్ అభిమాని టైటిళ్లు పడుతుండగానే లేచి క్లైమాక్స్ బాలేదంటాడు.

ఓడినవాడి ఏడుపు ఎలాగో భరించవచ్చు. గెలిచినవాడితోనే చావు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మొదటి ఆటకి మూడు పాయింట్లు వచ్చాయి కాబట్టి 38 ఆటలకి 114. ఇదీ వాడి గణితం. ఈ లీగ్ చరిత్రలో 100 పాయింట్లు తెచ్చుకున్నది 2017-18లో మాంచెస్టర్ సిటీ ఒక్కటే అని చెబితే, "రికార్డులున్నవి బద్దలు కొట్టడానికే కదా అంకుల్" అని మా పక్క ఫ్లాట్ కుర్రాడు నాకు ధైర్యం చెప్పాడు. ఆ రాత్రికి పాయింట్ల పట్టికని ఫొటో తీసి దాచుకున్నాడు కూడా. మే నెలలో చూపిస్తాడట.

ఈ పట్టిక దాచుకోవడం గురించి నాకు కొంచెం తెలుసు. నేనూ ఒకప్పుడు దాచినవాడినే.

2011 ఆగస్టు 13. లండన్‌లో లోఫ్టస్ రోడ్ మైదానం. పదిహేనేళ్ల తర్వాత పెద్ద లీగ్‌లోకి తిరిగొచ్చిన క్వీన్స్ పార్క్ రేంజర్స్ సంబరంగా తలుపులు తీస్తే, బోల్టన్ వాళ్లు వచ్చి 4-0తో చితక్కొట్టి పోయారు. ఆ రాత్రి పట్టికలో అందరికన్నా పైన బోల్టన్. నేను మర్నాడే ఆఫీసు మిత్రుడికి ఫోన్ చేసి పందెం కాశాను: రేంజర్స్ మే నెలలో కింది లీగ్‌కి దిగిపోవడం ఖాయం, బోల్టన్ మొదటి పదిలో ఉంటుంది, మాట తప్పితే మటన్ బిర్యానీ. ఆయన ఫుట్‌బాల్ చూడడు. "సరే" అన్నాడంతే. ఆట తెలిసినవాడు పందెం కాస్తే ఆట తెలియనివాడు గెలుస్తాడన్న సంగతి నాకు అప్పటికి తెలీదు.

2012 మే 13, ఆఖరి రోజు. రేంజర్స్ మాంచెస్టర్ సిటీ చేతిలో 3-2తో ఓడారు. అవును, అగ్యూరో ఆఖరి క్షణాల్లో గోల్ కొట్టి సిటీకి కప్పు తెచ్చిపెట్టిన ఆటే అది. లోకమంతా అగ్యూరో చొక్కా విప్పి పరిగెత్తడం చూస్తుంటే నేను మాత్రం అటువైపు ఓడినవాళ్లు ఎందుకు ఎగురుతున్నారా అని చూస్తున్నాను. అదే సమయానికి బోల్టన్ స్టోక్‌లో 2-2తో ఆగిపోయింది. రేంజర్స్‌కి 37 పాయింట్లు, 17వ స్థానం, బతికిపోయారు. బోల్టన్‌కి 36, 18వ స్థానం, దిగిపోయారు. ఆగస్టులో నాలుగు గోల్స్ కొట్టినవాళ్లు, తిన్నవాళ్ల కన్నా ఒక్కటంటే ఒక్క పాయింటు కింద. బిర్యానీ తింటూ మా మిత్రుడు ఒకటే అడిగాడు: "బోల్టన్ అంటే ఊరా, మనిషా?"

నాలాంటివాడి సంగతి వదిలేయండి. 1995 ఆగస్టు 19న యునైటెడ్ మొదటి ఆటలో ఆస్టన్ విల్లా చేతిలో 3-1తో ఓడితే, బీబీసీ తెర మీద అలన్ హాన్సెన్ పిల్లకాయలతో ఏదీ గెలవలేరని తేల్చాడు. హాన్సెన్ సామాన్యుడు కాడు, లివర్‌పూల్ తరఫున కప్పులు మోసి మోసి అలిసిన డిఫెండరు. ఆ పిల్లకాయలు ఎవరంటే బెక్హమ్, స్కోల్స్, బట్, నెవిల్ అన్నదమ్ములు. ఆ సీజన్లో లీగ్ గెలిచారు, ఎఫ్‌ఏ కప్పూ గెలిచారు. ముప్పై ఏళ్లయినా హాన్సెన్ పేరెత్తితే జనానికి గుర్తొచ్చేది ఆ ఒక్క వాక్యమే. వాక్యం చెప్పినవాడికి అంత శిక్ష పడితే, రోజుకి నలభై వాక్యాలు చెప్పే మావాడికి ఎంత పడాలి?

మరో శనివారం, 2013 ఆగస్టు 17. పాత కోచ్ ఫెర్గూసన్ దిగిపోయాక కొత్తగా వచ్చిన డేవిడ్ మోయెస్ యునైటెడ్‌తో స్వాన్సీ వెళ్లి 4-1తో గెలిచాడు. అదే రోజు ఆర్సెనల్ సొంత మైదానంలో విల్లా చేతిలో 3-1తో ఓడింది. ఒక వైపు "చూశారా, పెద్దాయన లేకపోయినా బండి నడుస్తుంది" అని మీసం మెలేత. ఇంకో వైపు "డబ్బులు ఖర్చు పెట్టవయ్యా మహానుభావా" అని ఆర్సెనల్ కోచ్ వెంగర్ మీద శాపనార్థాలు. సెప్టెంబరు 2న వెంగర్ ఓజిల్‌ని కొన్నాడు. మే వచ్చేసరికి ఆర్సెనల్ నాలుగో స్థానం, చేతిలో ఎఫ్‌ఏ కప్పు. యునైటెడ్ ఏడో స్థానం. మోయెస్ రాసుకున్న ఒప్పందం ఆరేళ్లది, ఏప్రిల్‌లోనే ఇంటికి పంపేశారు. మరి ఆ రోజు ఆర్సెనల్‌ని బోనులో పడేసిన విల్లా? పదిహేనో స్థానం.

అభిమానికి బుద్ధి లేదు సరే, యజమానులకి ఉందా అంటే అదీ చెప్పలేం. 2017లో క్రిస్టల్ ప్యాలెస్ కొత్త కోచ్ ఫ్రాంక్ డి బోయర్ మొదటి ఆటలోనే హడర్స్‌ఫీల్డ్ చేతిలో 3-0తో ఓడాడు. నాలుగు లీగ్ ఆటలకే కుర్చీ లాగేశారు. నియమించిన 77వ రోజు. మా ఊళ్లో అద్దె ఇల్లు ఖాళీ చేయించాలన్నా అంతకన్నా ఎక్కువ గడువు ఇస్తారు. అంటే ఆ క్లబ్బులో పై అంతస్తులో కూర్చున్నదీ మావాడే అన్నమాట, కాస్త డబ్బున్న మావాడు.

ఇక ఫాంటసీ లీగ్ అనే రెండో జ్వరం. కోటి మందికి పైగా ఆడే ఆట. పది కోట్ల ఉత్తుత్తి పౌండ్లతో 15 మంది ఆటగాళ్లను కొనుక్కోవాలి, కెప్టెన్‌కి పాయింట్లు రెట్టింపు. జూలై అంతా మావాడు ఈ పదిహేను మంది కోసం పడ్డ శ్రమ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం సబ్జెక్టుల మీద పడుంటే మా బావ మోకాళ్లు వాటంతటవే తగ్గేవి. తీరా ఆ శనివారం వాడి కెప్టెన్ ఏమీ చేయలేదు, వాడు బెంచి మీద కూర్చోబెట్టినవాడు రెండు గోల్స్ కొట్టాడు. వెంటనే జట్టు మొత్తం మార్చేసుకునే వైల్డ్‌కార్డ్ తీసి వాడేశాడు. అది సీజన్ సగానికి ఒకటే ఇస్తారు. కష్టకాలానికి దాచుకోవాల్సింది కదరా అంటే, "ఇంతకన్నా కష్టకాలం ఏముంటుంది మామయ్యా" అన్నాడు. నిజమే. 37 ఆటలు మిగిలి ఉన్నాయి.

ఆ రాత్రి పదింటి ఆట మొదలయ్యేలోపు వాడు ఫోన్లో ఇంకో పని పూర్తి చేశాడు. యునైటెడ్‌ని 2005లో కొన్న అమెరికా కుటుంబం క్లబ్బు అమ్మేసి పోవాలని ఒక సుదీర్ఘమైన తిట్టు రాశాడు. అప్పులెంత, వడ్డీలెంత, స్టేడియం కప్పు ఎక్కడ కారుతోంది, అన్నీ ఉన్నాయందులో. ఆ క్లబ్బుకి ఆడిటర్‌గా పెట్టొచ్చు. నాకు ముచ్చటేసి అడిగాను: "మరి హైదరాబాద్ ఎఫ్‌సీ?"

సయ్యద్ అబ్దుల్ రహీమ్ నడిచిన ఊరు ఇది. భారత జట్టుని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసుకెళ్లిన కోచ్ ఆయన. ఆ ఊరి పేరు పెట్టుకున్న జట్టు 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ తర్వాత ఆ జట్టు డబ్బుల ఇబ్బందుల్లో పడింది. గచ్చిబౌలి స్టేడియానికి మా ఇంటి నుంచి అరగంట. నేను వెళ్లిన రోజున నా వరుసలో నేనూ, ఒక పల్లీల పొట్లమూ ఉన్నాం.

"వాళ్లు ఢిల్లీ వెళ్లిపోయారు కదా మామయ్యా," అన్నాడు మావాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

వాళ్లు, అన్నాడు. వెళ్లిపోయింది 2025లో. ఆ వారాంతంలో యజమానుల్ని దిగిపొమ్మని మా ఇంట్లో ఎవరూ ఏమీ రాయలేదు.