కాలు కదపకుండా టీచరు కావడమెలా?

బీఈడీలో చేరాలనుకుంటున్నారా? కాలేజీకి ఫోన్ చేయగానే అడగాల్సింది ఒక్కటే: "రోజూ రావాలాండీ?" పాఠం ఎవరు చెబుతారు, ప్రాక్టీసుకి ఏ బడికి పంపుతారు లాంటివి అడక్కండి. ఇన్‌స్పెక్షన్ వాళ్ళేమోనని అవతలి మనిషి హడలిపోతాడు.

ఆన్‌లైనా, రెగ్యులరా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఆన్‌లైన్ బీఈడీ ప్రకటనల్లో కనిపిస్తుంది గానీ ఎన్‌సీటీఈ నిబంధనల్లో కనిపించదు. దూరవిద్య అంటారా, ఇగ్నోలో, అంబేడ్కర్ ఓపెన్ వర్సిటీలో పెట్టారు. కానీ అది డీఎడ్‌లాంటి శిక్షణ ముందే అయినవాళ్ళకి. మనలాంటి ఉత్త డిగ్రీగాళ్ళకి కాదు.

దిగులొద్దు. మనవాళ్ళు దానికీ మందు కనిపెట్టారు: నాన్ అటెండింగ్. ఆన్‌లైన్‌లో కనీసం లాగినై కెమెరా ఆపుకోవాలి, ఇందులో ఆ శ్రమా లేదు. కాగితం మీద మీరు రోజూ ముందు బెంచీలోనే ఉంటారు. మనిషి మాత్రం ఇంకో జిల్లాలో మొబైల్ షాపు కౌంటర్లో ఉంటాడు. తరగతులకి 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలని నిబంధన. అంత తక్కువతో సరిపెట్టుకోవడమెందుకు? ఫీజు మీద ఇంకాస్త కడితే నూటికి నూరూ పడుతుంది, మీకు జ్వరమొచ్చిన రోజుతో సహా. ఇరవై వారాలు బళ్ళో ఉండి నేర్చుకుంటారని 2015లో ఏడాది కోర్సుని రెండేళ్ళు చేశారు. మనకి పెరిగింది ఫీజు వాయిదాలే.

రాసిపెట్టిన లెసన్‌ప్లాన్ రికార్డులు కొనుక్కోండి. చార్టులూ దొరుకుతాయి.

బీఈడీతో ఒకటో తరగతికీ పోస్టు కొట్టొచ్చని కన్సల్టెన్సీవాళ్ళు చెబితే నమ్మేయండి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కుదరదంది గానీ, కోర్టుకి సీట్లు నింపుకునే బాధ ఉందా?

రికార్డు అన్నాను కదా, నాదీ సీనియర్ దగ్గర తెచ్చి దించిందే. పాఠం ఘర్షణ. ఎడమవైపు గడిలో టీచరు ప్రశ్న, కుడివైపు గడిలో పిల్లల జవాబు. ఇంకా మొహం కూడా చూడని పిల్లలు, అందరూ తెలివైనవాళ్ళే. "దొర్లించిన బంతి ఎందుకు ఆగిపోతుంది?" "ఘర్షణ వల్ల సార్." ఎర్రసిరాతో చక్కగా గీత కూడా కొట్టాను.

ఉద్యోగం వచ్చాక ఎనిమిదో తరగతిలో అదే ప్రశ్న వేశాను. కిటికీ పక్కన కూర్చున్న పిల్లాడు లేచి, "ఎవడో ఒకడు పట్టుకుంటాడు కద్సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పట్టుకునేవాడు లేకపోతేనో అని ఒక్క మాట అడిగితే పాఠం అక్కణ్ణుంచే మొదలయ్యేది. ఆ ఒక్క మాట నోటికి రాలేదు. "కూర్చో" అన్నాను. బోర్డు వైపు తిరిగి నిర్వచనం రాసేశాను. చేతిలో సుద్దముక్క రెండుసార్లు విరిగింది. పిల్లల ముందు నిలబడి తడబడటానికి ఇచ్చిన ఇరవై వారాలు నేను ఇంట్లో పడుకుని గడిపాను. ఆ తడబాటంతా తర్వాత జీతం తీసుకుంటూ, ఆ పిల్లల మీదే రుద్దాను.

మొన్న మా అక్క కూతురు ఫోన్ చేసింది, మంచి బీఈడీ కాలేజీ చెప్పమని. ప్రైవేటు బళ్ళో పాఠాలు చెబుతోంది, చంకలో ఏడాది పిల్ల. ఇదంతా కడుపులో ఉంది కాబట్టి అరగంట ఊదరగొట్టాను. ఎడ్‌సెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకో, రాజమండ్రి, నెల్లూరు, మాసాబ్‌ట్యాంక్ ప్రభుత్వ ఐఏఎస్‌ఈలు చూడు, క్లాసు మానకు, రికార్డు నువ్వే రాసుకో అని. ఓపిగ్గా ఊఁ కొట్టింది.

"అవన్నీ సరే మామయ్యా, రోజూ వెళ్ళాలా?"

వెళితే ఆ జీతం పోతుంది. పిల్లని చూసే దిక్కు లేదు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

మా పాత కాలేజీ నంబరు ఇంకా నా ఫోన్లో ఉంది. పంపాను.